మన పెరటి చిన్న పిట్టలు – వానిని గుర్తించు విధము

పెరటిలో మందారము పూచినను, అరటి గెల వేసినను, మునగ పూతకు వచ్చినను, బొటనవ్రేలంతటి చిన్న పిట్టలు కొన్ని వచ్చి వ్రాలును. ఒక్క క్షణము నిలిచి, మఱు క్షణమున మాయమగును. “అవి యేమి పిట్టలు?” అని యడిగినచో మనవారిలో పెక్కుమంది “తేనెపిట్టలు” అని యొకే మాటతో ముగింతురు. కాని హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తోటలలో సామాన్యముగా కనబడు నిట్టి చిన్న పిట్టలలో ఎనిమిది జాతులనైనను వేఱు వేఱుగా గుర్తింపవచ్చును. అందు మూడు మాత్రమే తేనెపిట్టలు. తక్కిన వాని తిండి వేఱు, గూడు వేఱు, తోటకు వానివలన కలుగు ఫలితమును వేఱు.

విద్యార్థులారా! చిన్న పిట్టను గుర్తించుటకు ముందుగా రంగును చూడకుడు. ఎండలో నీలముగా మెఱయు ఈక నీడలో నల్లగా నుండును. కావున ఈ వరుసలో చూడుడు: మొదట ముక్కు, తరువాత పరిమాణము, పిమ్మట నడవడి, కడపట రంగు. పరిమాణమునకు ఊరపిచ్చుకను కొలతగా పెట్టుకొనుడు. అది ముక్కు కొననుండి తోక కొనవఱకు సుమారు 15 సెంటీమీటర్లుండును.

తేనెపిట్టలు

ముక్కు సన్నముగా, పొడుగుగా, కొడవలివలె వంగి యున్నచో అది తేనెపిట్ట. మన తోటలలో మూడు రకములు కలవు.

మొదటిది ఊదానడుము తేనెపిట్ట. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. పోతుకు తలపై మెఱయు ఆకుపచ్చ, కంఠమున ఊదా, వీపునను ఱొమ్మునను ముదురెఱుపు, తోక మొదట మరల ఊదా వన్నె యుండును. కడుపు పసుపు. రంగు లెన్ని యున్నను గుఱుతు పెట్టుకొనవలసినది ఆ పసుపు కడుపే. తక్కిన రెండు రకముల పోతులకు పెంటి కాలమున అది యుండదు.

రెండవది ఊదా తేనెపిట్ట. సంతానకాలమున దీని పోతు మెడనుండి కడుపువఱకు నీలి నలుపుతో నిగనిగలాడును. ఆ కాలము గడచిన పిమ్మట ఆ మెఱుగు ఈకలను రాల్చి, పెంటివలె మట్టిరంగును పసుపును దాల్చును. అప్పుడు గడ్డమునుండి కడుపు మధ్యభాగమువఱకు ఒక నల్లని గీత మాత్రము మిగులును. ఈ గీతను చూచి వేఱొక జాతి యని పొరబడువారు కలరు.

మూడవది పొడుగుముక్కు తేనెపిట్ట. ఇదియు నల్లగా మెఱయును గాని, ముక్కు మిగుల పొడుగు, వంపు మిగుల ఎక్కువ. ఱొమ్మున ముదురెఱుపు పట్టీ, కడుపున గోధుమరంగు కలిసిన నలుపు కనబడును. 18వ శతాబ్దమున సింహళమును పాలించిన డచ్చి గవర్నరు లోటెన్ పేరిట ఆంగ్లేయులు దీనిని పిలుతురు.

పెంటిపిట్టలను గుర్తించుట కష్టతరము. కంఠము తెల్లగానో బూడిదగానో యుండి, ఱొమ్ము పసుపైనచో ఊదానడుము పెంటి. కంఠము మొదలుకొని క్రిందిభాగమంతయు పసుపైనచో ఊదా పెంటి. అట్లే యుండి, ముక్కు మిక్కిలి పొడుగైనచో మూడవ రకపు పెంటి.

కొందఱు వీనిని హమ్మింగు పక్షు లందురు. అది సరికాదు. హమ్మింగు పక్షులు అమెరికా ఖండములలో మాత్రమే గలవు. అవి గాలిలో నిలిచి తేనె త్రాగును. మన తేనెపిట్టలు అరుదుగా గాలిలో నిలిచినను, సాధారణముగా కొమ్మనో కాడనో పట్టుకొని కూర్చుండి త్రాగును. రెండును తేనె త్రాగునవే యైనను వేఱు కుటుంబములకు చెందినవి.

బదనిక పిట్టలు

ముక్కు పొట్టిగా నుండి, పిట్ట తేనెపిట్టకంటెను చిన్నదైనచో బదనిక పిట్ట యని తలంపుడు. లేతముక్కు రకము సుమారు 8 సెంటీమీటర్లు మాత్రమే. మన దేశపు మిక్కిలి చిన్న పక్షులలో నొకటి. మెఱుపు లేదు, చారలు లేవు. మట్టిరంగు వీపు, మాసిన తెలుపు కడుపు. రెండవది మోటుముక్కు రకము. దీని ముక్కు దళసరిగా నుండును. ఱొమ్మున అస్పష్టమైన చారలుండును. కూర్చున్నపుడు తోకను ఇటు నటు త్రిప్పుచుండును.

మామిడితోట గల తల్లిదండ్రులు ఈ పిట్టను తప్పక ఎఱుగవలెను. మామిడికొమ్మపై మొలచి, ఆ చెట్టు నీటినే పీల్చి బ్రతుకు బదనిక మీకు తెలిసినదే. దాని పండును ఈ పిట్ట మ్రింగును. విత్తు చుట్టు జిగురుండుటచే, రెట్టతో వెలువడిన విత్తు తోకక్రింద అంటుకొనును. పిట్ట దానిని వదల్చుకొనుటకై కొమ్మకు రాయును. విత్తు అచటనే అంటి మొలచును. తేనెపిట్ట బదనిక పువ్వుల తేనె త్రాగుచు పుప్పొడిని చేరవేయును. బదనిక పిట్ట విత్తును చేరవేయును. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం ఆలీ (1896–1987) కొంకణమున ఈ సంబంధమును పరిశీలించి 1931లో ప్రకటించెను.

ఈ పిట్టలను కొట్టినందువలన తోటకు మేలు కలుగదు. అవి పురుగులను, సాలీళ్ళను గూడ తినును. బదనిక పండు పండకముందే అది పట్టిన కొమ్మను వేరు దిగినచోటికి క్రిందుగా కోసివేయుట సరియైన ఉపాయము.

పచ్చనివి, బూడిదరంగువి

ముక్కు సన్నముగా, తిన్నగా నుండి, వంపు లేనిచో, తక్కిన మూడు జాతులను తలంపుడు.

కంటిచుట్టు తెల్లని వలయమున్నచో అది తెల్లకంటి పిట్ట. పచ్చ కలిసిన పసుపు వన్నె. ఇది యొంటరిగా నుండుట అరుదు. గుంపుగా వచ్చి ఆకులలో పురుగులను వెదకుచు, కిచకిచలాడుచు సాగిపోవును.

తలపై ఇటుకరంగు టోపీ, పచ్చని వీపు, తెల్లని కడుపు, నిక్కిన తోక గలది దర్జీపిట్ట. దాని గొంతు శరీరమునకు మించినది. “టువిట్ టువిట్” అని వీధి చివరకు వినబడునట్లు కూయును. వెడల్పాకు అంచులను ముక్కుతో పొడిచి, ఆ రంధ్రములగుండ నారను, ప్రత్తిపోగును, సాలెదారమును దూర్చి, ఆకును సంచివలె కుట్టి అందులో గూడు పెట్టును.

వీపు బూడిదరంగు, కడుపు లేత ఎఱుపు, తోక పొడుగు అయినచో అది బూడిద పొదపిట్ట. ఎగురునపుడు చిటచిటమను చప్పుడగును. దీని గ్రుడ్లు ఇటుకవలె ఎఱ్ఱగా నిగనిగలాడును. 1832లో సైక్స్ అను సైనికోద్యోగి దక్కనునందలి పక్షులను వర్ణించుచు దీనికి శాస్త్రీయనామ మొసగెను.

పేరెందులకు?

మన ప్రాంతమున పిల్లవాడు వీధిలో “తేన్‌చిట్టు”, “తైయల్‌చిట్టు” అను తమిళ నామములను వినును. కన్నడిగులు పూలపిట్టను “బదనికె” అనియే పిలుతురు. ఇరుగుపొరుగు భాషల పేర్లు నేర్చుట మంచిదే. అయితే ఇంటిలో వానికి దీటైన తెలుగుపేరు వినబడనిచో, మన భాషలో ఆ పిట్టయే లేదని పిల్లవాడు తలంచును.

పేరు నిలిచియుండుటవలన కలుగు ప్రయోజనమునకు ఒక నిదర్శనము కలదు. నెల్లూరున వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ 1862–64లో ప్రచురించిన భారతదేశ పక్షుల గ్రంథమున పెక్కు తెలుగు పేర్లను చేర్చెను. ఆయన పేరు దాల్చిన ఒక పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడక, అంతరించినదని తలంపబడెను. 1986లో కడప జిల్లా పొదలలో అది మరల దొరకినది. స్థానికులు దానిని మఱువలేదు, వారికది “కలివికోడి”. ఆ పక్షిని ఎఱిగినవారి సాయముననే శాస్త్రజ్ఞులకు అది చిక్కినది. గ్రంథములలో లేకున్నను, నాలుకపై నిలిచిన పేరు ఒక జాతిని తిరిగి చూపినది.

పైన వ్రాసిన పేర్లలో కొన్ని రూపమును బట్టి పెట్టినవి. మీ అవ్వతాతలకు వేఱు పేర్లు తెలిసియుండవచ్చును. అవి దొరకినచో వానినే వాడుడు.

అభ్యాసము

1. ఉదయమున అరగంటసేపు ఒకే పూలచెట్టు వద్ద కదలక కూర్చుండుడు. వచ్చిన పిట్టల ముక్కు, పరిమాణము, నడవడి, రంగు ఈ వరుసలోనే వ్రాయుడు. చేతిఫోనుతో బొమ్మ తీయుట ఆ తరువాతి పని.

2. మీ తోటలో బదనిక పట్టిన చెట్లెన్నియో లెక్కించి పెద్దలకు చెప్పుడు.

3. ఇంటిలోని పెద్దలను అడిగి, ఈ ఎనిమిది పిట్టలకు వారు వాడు తెలుగు పేర్లను, చెప్పినవారి ఊరిపేరును వ్రాసి తెండు.

4. గూడు కనబడినచో దూరమునుండియే చూడుడు. తాకిన గూటిని తల్లిపిట్ట విడిచిపోవచ్చును.