మీ నాన్నకు కనబడే పిల్లలు

చిరంజీవి చిన్నాకు మేనత్త దీవెనలు.

రాత్రి ఫోన్లో గొంతు బాగా తగ్గించి మాట్లాడావు. నాన్నగారికి గుమ్మం దగ్గర ఇద్దరు పిల్లలు కనబడుతున్నారనీ, వాళ్లను లోపలికి పిలుస్తున్నారనీ చెప్పి, చివర్లో "ఎవరికీ చెప్పకత్తా" అన్నావు. ఆ ఒక్క మాటకి నాకు నిద్ర పట్టలేదు. మా తమ్ముడికి జ్వరమొస్తే వీధంతా చెప్పుకునేవాళ్లం. ఇదెందుకురా దాచడం? ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం తీశాను.

మా అత్తగారి సంగతి నీకు గుర్తుండదు, చిన్నవాడివి. ఒకరోజు తెల్లవారి చూస్తే ఆవిడ మంచం మీద గోడకు అతుక్కుపోయి పడుకుని ఉంది. ఏమిటత్తయ్యా అంటే, "పిల్ల పడిపోదూ, కాస్త చోటివ్వొద్దూ" అంది. పక్కన ఎవరూ లేరు. దుప్పటి మాత్రం సగం ఆ ఖాళీ చోటు మీద కప్పి ఉంది. భోజనం దగ్గర ఒక ముద్ద కంచం అంచున తీసి పెట్టేది. గాలి సోకిందన్నారు ఒకరు, వయసు మీద పడింది మామూలేనన్నారు ఇంకొకరు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. పది రోజులు గడిచేసరికి ఆవిడ కన్నకొడుకునే పోల్చుకోలేకపోయింది. అప్పుడు కదిలాం ఆసుపత్రికి. ఒంట్లో సోడియం బాగా పడిపోయింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా ఉంది. బీపీకి వేసుకునే నీళ్ల మాత్రే సోడియం తగ్గించిందని డాక్టరుగారు చెప్పారు. వైద్యం మొదలైన వారానికి ఆ పిల్ల కనబడటం మానేసింది. అత్తగారు మళ్లీ మంచం మధ్యలో పడుకుంది. మేం పోగొట్టిన ఆ పది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది.

అందుకే ముందు మీ అమ్మను కూర్చోబెట్టి అడుగు, ఇది ఎప్పుడు మొదలైందని. రెండు మూడు రోజుల్లోనే వచ్చి, మాట పొంతన లేకుండా, పగలంతా మత్తుగా, చీకటి పడితే ఆందోళనగా ఉంటున్నాడంటే అది డెలీరియం. ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకెళ్లాలి. ఇన్‌ఫెక్షన్, నీళ్లు తాగకపోవడం, షుగర్ పడిపోవడం, చివరికి మలబద్ధకం కూడా పెద్దవాళ్ల తలను ఇలా తిప్పేస్తాయి. ఆ వయసులో ఒళ్లు కాలకుండానే ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు.

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్ర, నిద్ర మాత్ర, చేతి వణుకు మాత్ర, మాటిమాటికీ మూత్రం రాకుండా ఇచ్చేది, ఆయుర్వేదం పొడి, అన్నీ. వీటిలో కొన్ని ముసలివాళ్లకు లేనివి కనబడేలా చేస్తాయి. అలాగని నీ అంతట నువ్వు ఏదీ ఆపకు. కొన్నిటిని ఉన్నపళంగా మానేస్తే అదింకో ప్రమాదం.

నెలల తరబడి మెల్లగా వచ్చిందైతే ఇంకో సంగతి గమనించాలి. నడక నెమ్మదించిందా? ఒకపూట చురుగ్గా ఉండి, మరోపూట తెలివి మసకబారినట్టు ఉంటున్నాడా? నిద్రలో అరుస్తూ కాళ్లూ చేతులూ విసురుతున్నాడా? ఈ చివరిది చాలామంది డాక్టరుకు చెప్పరు, పీడకల అనుకుంటారు. ఇవి కలిసి ఉంటే లెవీ బాడీ డిమెన్షియా అనే జబ్బేమోనని న్యూరాలజిస్టు చూడాలి. అందులో మనుషులూ జంతువులూ స్పష్టంగా కనబడతారు. ఆ జబ్బు ఉన్నవాళ్లకు గొడవ చేస్తున్నారని హాలోపెరిడాల్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఎవరైనా సూది తీస్తే ఈ అనుమానం ఉందని నోరు తెరిచి చెప్పు. పెద్ద డాక్టరని మొహమాటపడకు.

కళ్లు కూడా చూపించు. శుక్లం, గ్లాకోమా, షుగర్ వల్ల చూపు తగ్గినవాళ్లలో కొందరికి, మతి నిక్షేపంగా ఉన్నా, బొమ్మల్లా మనుషులు కనబడతారు. జెనీవాలో చార్లెస్ బానె అనే ఆయన చూపు మందగించిన తన తాతకు ఇలా కనబడటం గురించి 1760లోనే రాశాడు. ఆ పేరే దానికి పెట్టారు. ఇలాంటివాళ్లలో చాలామంది తమకు పిచ్చి పట్టిందేమోనని భయపడి నోరు విప్పరు.

ఇక ఇంట్లో ఎలా మాట్లాడాలో చెబుతాను. "ఎవరూ లేరు నాన్నగారూ" అని వాదించకు, నాకూ కనబడుతున్నారని అబద్ధమూ ఆడకు. "నాకు కనబడటం లేదు, మీకు భయమేస్తోందా?" అని అడుగు. భయం లేదంటే పక్కన కూర్చో. సాయంత్రం ఐదింటికే హాల్లో లైటు వెయ్యి, గుమ్మం పక్కన వేలాడే చొక్కాలు తీసెయ్యి. కళ్లజోడు, చెవి మిషను ఆయన దగ్గరే ఉండాలి. నీ మనసు మరీ బరువైతే 14416కి, టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చెయ్యి. తెలుగులోనే మాట్లాడతారు.

మీ అమ్మ ఒక్కతే రాత్రుళ్లు మేలుకోకుండా చూడు, వంతులు వేసుకోండి. నేను ఆదివారం బస్సెక్కుతున్నాను. సోమవారం నాన్నను ముగ్గురం కలిసి తీసుకెళదాం. ఈలోగా మాట పొంతన తప్పిందా, నాకోసం ఆగకుండా అప్పటికప్పుడే బయల్దేరు.

ఇట్లు,
మీ అత్తయ్య