త్రాగుడు వ్యసనం – కుటుంబం – కోలుకొనే మార్గం

భద్రాచలం అడవులలో వేసవి తొలిదినాలలో ఇప్పపూలు రాలుతాయి. తెల్లవారకముందే స్త్రీలు, పిల్లలు గంపలతో వెళ్ళి వాటిని ఏరి తెస్తారు. ఎండబెట్టిన ఇప్పపూవు కోయలకు ఆహారం. దాని సారా కొలుపులలో, పెండ్లిండ్లలో దేవతలకు, పితరులకు సమర్పించే ద్రవ్యం. ఆచారంగా ఉన్న పానం వ్యసనంగా ఎప్పుడు మారుతుంది? అప్పుడు ఆ ఇంటివారి గతి ఏమి? తిరిగి కోలుకొనే దారి ఉన్నదా? ఈ ప్రశ్నలను విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

వ్యసన స్వరూపం

ఆచారానికి కాలనియమం ఉన్నది, పదిమంది కనిపెట్టి చూచే కట్టుబాటు ఉన్నది. వ్యసనానికి ఈ హద్దులు లేవు. నిత్యం త్రాగేవాని శరీరం మద్యానికి అలవడి, నాటి మత్తుకు నేడు మరింత కావలసి వస్తుంది. మానితే చేతులు వణకుతాయి, నిద్ర పట్టదు. ఆ బాధ తప్పించుకొనడానికే అతడు మరల త్రాగుతాడు. అందుచేతనే వైద్యశాస్త్రం దీనిని వ్యాధిగా పరిగణిస్తున్నది.

కుటుంబంపై ప్రభావం

వ్యాధి ఒకనిది, నష్టం ఇంటిల్లిపాదిది. తునికాకు కోసిన కూలి డబ్బులైనా, బొగ్గుగని జీతమైనా ఇల్లు చేరకముందే దుకాణం చేరుతుంది. భార్య అప్పులతో సంసారం నెట్టుకొస్తూ, ఇరుగుపొరుగువారితో "ఆయనకు జ్వరం" అని చెబుతుంది. పెద్దకొడుకు బడి మాని కూలికి పోతాడు. చిన్నపిల్లలు తండ్రి అడుగుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎట్లా గడుస్తుందో ఊహించుకొంటారు. తండ్రి బ్రతికి ఉండగానే అతనిని కోల్పోయిన దుఃఖమిది; దీనికి పరామర్శకు వచ్చేవారు ఉండరు. అటువంటి ఇండ్ల పిల్లలు మన తరగతులలోనూ ఉండవచ్చు. తండ్రి వ్యసనానికి తాము కారణం కాదని, దానిని దాచి ఉంచడం తమ బాధ్యత కాదని వారు తెలుసుకోవాలి.

చరిత్ర చెప్పే పాఠం

1879 రంప తిరుగుబాటుకు కల్లుపై వచ్చిన క్రొత్త ఆబ్కారీ నిబంధనలు ఒక ముఖ్యకారణం. అది నాటి భద్రాచలం తాలూకాలోని రేకపల్లి ప్రాంతానికీ వ్యాపించింది. 1922లో పోరాటం ఆరంభించక పూర్వమే అల్లూరి సీతారామరాజు మన్యప్రజలకు త్రాగుడు మానవలసిందని బోధించాడు. పాలకుల పన్నును ఎదిరించడమూ, తనలోని బానిసత్వాన్ని ఎదిరించడమూ ఒకే స్వాతంత్ర్యంలో భాగాలు.

తరువాతి కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో కలుసుకొన్న స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతటా అల్లుకొన్నది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. చట్టం దుకాణం మూయగలదు గాని, వ్యసనపరుని ఒంటిలోని వ్యాధిని మాన్పజాలదు.

కోలుకొనే మార్గం

చాలాకాలం అధికంగా త్రాగినవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమణ కలిగి ప్రాణాపాయం రావచ్చును. కనుక గదిలో బంధించక వైద్యుని వద్దకు తీసికొనిపోవాలి. మధ్యలో మరల త్రాగినంత మాత్రాన ప్రయత్నం వ్యర్థమైనట్లు కాదు, చికిత్స కొనసాగించాలి. ఇస్లాంలోనూ మద్యనిషేధం క్రమక్రమంగానే వచ్చింది. మొదట దానిలో మేలు కన్న కీడు ఎక్కువని, పిదప మత్తులో నమాజుకు రారాదని, తుదకు పూర్తిగా విడువమని ఆదేశం.

తోటివారి అండ మరొక ఔషధం. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఇద్దరు వ్యసనపరులు ఒకరికొకరు తోడై ఆల్కహాలిక్స్ అనానిమస్ స్థాపించారు. 1951లో వ్యసనపరుల కుటుంబాలకై అల్-అనాన్ వెలసింది. కుటుంబానికీ ఊరట అవసరమని ఇది గుర్తించింది.

మన ఏజెన్సీ గ్రామాలకు మరొక బలం ఉన్నది. 1996 నాటి పెసా చట్టం మత్తుపదార్థాల అమ్మకాన్ని నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు చెందవలసినదిగా గుర్తించింది. వ్యసన విముక్తికి 14446 అనే ఉచిత జాతీయ ఫోను సేవ కూడా ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! త్రాగుబోతు ఇల్లని వెలివేయక, ఆ ఇంటి తలుపు తట్టండి. మీ సహాధ్యాయి మౌనంగా ఉంటే పలుకరించండి. ఒక మాట, ఒక తోడు ఆ ఇంటికి చికిత్సలో తొలిమెట్టు కాగలదు.