సర్వర్ల కొలువులో సగం జీవితం: ప్రశ్నలు - జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచే వచ్చాయి. సిస్టమ్స్ అడ్మినిస్ట్రేషన్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు, ఇప్పుడే అడుగుపెట్టబోతున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు రాశారు. నేనూ ఈ పనిలోనే తల నెరిసినవాణ్ని కాబట్టి ఈ వారం చోటంతా వాళ్లకే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నాకు 47 ఏళ్లు. బీఎస్సీ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేసి 2001లో ఉద్యోగంలో చేరాను. మొదట సోలారిస్, తర్వాత లినక్స్ సర్వర్లు చూశాను. మా కంపెనీ సొంత డేటా సెంటర్ మూసేసి అంతా క్లౌడ్‌కు మార్చింది. ఇప్పుడు టీమ్‌లో అందరూ పాతికేళ్ల పిల్లలు, ఏ పనైనా కోడ్‌తోనే చేస్తారు. మేనేజర్ నన్ను కూడా 'ఇంజినీర్‌గా మారండి' అంటున్నాడు. ఇంటి లోను ఇంకా ఆరేళ్లుంది, అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఈ వయసులో నాకు చోటుందా?
- ఒక పాఠకుడు, మేడ్చల్

జవాబు: ఉంది. అయితే పాత చదువు మీదే రిటైర్మెంటు దాకా నెట్టుకురావచ్చని మాత్రం అనుకోకండి.

ముందు మీ దగ్గర ఏముందో చూద్దాం. 2005లో వచ్చిన సోలారిస్ 10లో జోన్స్ ఉండేవి, మీరు వాడే ఉంటారు. ఒకే యంత్రం మీద, ఒకదానికొకటి సంబంధం లేనట్టు నడిచే వ్యవస్థలు. 2013లో డాకర్ వచ్చాక అందరి నోటా నానిన కంటైనర్ల వెనకున్న ఆలోచన కూడా అదే. లినక్స్ కెర్నెల్‌లోని నేమ్‌స్పేస్‌లు, సీగ్రూప్‌లు లేకపోతే కంటైనర్ లేదు, కుబెర్నెటీస్ లేదు. మెమరీ చాలక కెర్నెల్ ఒక ప్రాసెస్‌ను చంపేస్తే ఆ ఆనవాలు ఏ లాగ్‌లో దొరుకుతుందో మీకు తెలుసు. డీఎన్ఎస్ తప్పితే అప్లికేషన్ తప్పినట్టు కనిపిస్తుందని తెలుసు. డిస్కు నిండితే డేటాబేస్ ఎలా మొరాయిస్తుందో తెలుసు. క్లౌడ్‌లోనూ ఇవన్నీ ఇలాగే జరుగుతాయి. డబ్బాలు మన గదిలో ఉండవు, అంతే.

లేనిదేమిటంటే, ఆ తెలివిని కోడ్‌గా రాసి పదిమందీ వాడుకునేలా పెట్టే అలవాటు. మీరు ఇరవై ఏళ్లుగా రాస్తున్న షెల్ స్క్రిప్టులు ప్రోగ్రామింగ్ కాదని ఎవరన్నారు? వాటిని గిట్‌లో పెట్టండి. ఎవరైనా చదివి తప్పులు చెప్పడానికి ఒప్పుకోండి. పెద్దవాళ్లకు కష్టమనిపించేది పైథాన్ కాదు, తమకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు తమ కోడ్ మీద వ్యాఖ్య రాయడం. ఆ ఒక్క మెట్టు దిగితే మిగతాది సాధన. స్క్రిప్టుల్లో రోజూ వాడేవాటిని ముందుగా పైథాన్‌లోకి మార్చండి. తర్వాత ఆన్సిబుల్, టెర్రాఫామ్. క్లౌడ్ ఒక్కటి చాలు, మీ కంపెనీ వాడేదే. సర్టిఫికెట్ల వెంట పడి జీతం తగలేయకండి.

మీరు మేడ్చల్ జిల్లావాళ్లు కాబట్టి ఇంకో మాట. హైదరాబాద్ కంప్యూటర్ల కథ 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు. కానీ మీ జిల్లాలోనే ఉన్న ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ 1967లోనే పుట్టింది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ కంప్యూటర్లను తయారుచేసింది ఆ సంస్థే. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లిపోయినప్పుడు, అది వదిలివెళ్లిన యంత్రాల బాగోగులు ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేతికొచ్చాయి. ఆ ఇంజినీర్లు తాము కట్టని యంత్రాలను నడిపించారు. తర్వాత 1980ల్లో రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను రాసింది కూడా ఆ సంస్థే. యంత్రాన్ని కాపాడే చేయి, కోడ్ రాసే చేయి వేర్వేరు అనే మాట మన దగ్గర మొదటినుంచీ నిజం కాదు.

వయసు సంగతి దాచను. ఒక పెద్ద జీతంతో ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకోవచ్చని లెక్కలు వేసే కంపెనీలున్నాయి. అందుకని ఉద్యోగం ఉండగానే కొన్ని పనులు పూర్తి చేయండి. పాత కంపెనీల పీఎఫ్ ఖాతాలన్నీ ఒకే యూఏఎన్ కిందికి వచ్చాయో లేదో చూసుకోండి. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు ఈపీఎస్ పెన్షన్‌కు అర్హత వస్తుంది, మధ్యలో ఆ సొమ్ము తీసేసుకోకండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కొలువుతోపాటే పోతుంది కాబట్టి కుటుంబానికి విడిగా ఒక పాలసీ తీసుకోండి. చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా కోపంలో రాజీనామా రాయొద్దు.

ఇంకొకటి, ఈ వారమే మొదలుపెట్టండి. ఇన్నేళ్లలో మీరు సరిచేసిన పెద్ద అంతరాయాల్లో అయిదింటిని ఎంచుకుని ఒక్కోటి ఒక్కో పేజీ రాయండి. ఏం ఆగింది, ముందు ఏమనుకున్నారు, అసలు కారణం ఏమిటి, మళ్లీ రాకుండా ఏం చేశారు. కంపెనీ రహస్యాలు, కస్టమర్ల పేర్లు రాయకండి. పాతికేళ్ల కుర్రాడు ఎంత చదివినా అలాంటి అయిదు పేజీలు రాయలేడు. ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడేవి అవే.

ప్రశ్న: నేను కండ్లకోయ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో మూడో ఏడాది చదువుతున్నాను. నాకు లినక్స్, నెట్‌వర్కింగ్ అంటే ఇష్టం. ఫ్రెండ్స్ అందరూ 'డెవలపర్ అయితేనే ప్యాకేజీ, అడ్మిన్ పని ఏఐ మింగేస్తుంది' అంటున్నారు. నైట్ షిఫ్టులు ఉంటాయని నాన్న వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థిని, గుండ్లపోచంపల్లి

జవాబు: నీ ఇష్టాన్ని వదలకమ్మా. కోడ్ రాయడం మాత్రం తప్పించుకోకు. ఈ రోజుల్లో రెండూ కలిసే ఉంటాయి.

ఏఐ గురించి భయపడేముందు 2025 జులైలో జరిగింది తెలుసుకో. రెప్లిట్ అనే వేదికలోని ఏఐ సాధనం, ఏ మార్పూ చేయొద్దని ముందే చెప్పినా వినకుండా, ఒక వాడకందారుడి అసలు డేటాబేస్‌ను చెరిపేసింది. డేటా తర్వాత తిరిగొచ్చింది. కానీ అంత అధికారం దాని చేతికి ఎవరిచ్చారు, ప్రయోగాలు చేసే చోటును, జనం వాడే చోటును ఎందుకు వేరుచేయలేదు? ఇవి అచ్చంగా సిస్టమ్స్ మనిషి అడగాల్సిన ప్రశ్నలు. కోడ్ ఎంత వేగంగా పుట్టుకొస్తే, దాన్ని నడపడం తెలిసినవాళ్ల అవసరం అంత పెరుగుతుంది.

2024 జులై 19 కూడా నీకు గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల లోకమంతా కలిపి 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు చాలా యంత్రాలను ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది. కొత్త ఫైలును ముందు కొన్ని యంత్రాలకు పంపి, చూసి, ఆ తర్వాత అందరికీ పంపాలన్న పాత క్రమశిక్షణ పాటించి ఉంటే నష్టం అంత దూరం వెళ్లేది కాదు.

ఇక సాధన. ఇంట్లో పక్కన పడేసిన పాత లాప్‌టాప్ ఉంటే దాని మీద డెబియన్ ఎక్కించు. ఒక వెబ్ సర్వర్, ఒక డేటాబేస్ పెట్టు. మీ కాలనీ నీళ్ల ట్యాంకర్ల వేళలో, నాన్నగారి ఖర్చుల లెక్కలో, నిజంగా ఎవరైనా వాడేది ఏదైనా దాని మీద నడుపు. రోజూ బ్యాకప్ తీయి. నెలకోసారి ఆ బ్యాకప్‌తో మొత్తం మళ్లీ నిలబెట్టి చూడు. చాలామంది బ్యాకప్ తీస్తారు, రీస్టోర్ చేసి చూడరు. 2017 జనవరి చివర్లో గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీని తీసేశాడు. అప్పుడు చూస్తే వాళ్లు పెట్టుకున్న అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగా పనిచేయలేదు. కొద్ది గంటల ముందు అనుకోకుండా తీసిన ఒక కాపీ వాళ్లను గట్టెక్కించింది. సుమారు ఆరు గంటల డేటా పోయింది. జరిగిందంతా ఆ సంస్థే దాచకుండా రాసి బయటపెట్టింది, అది వెతికి చదువు. ఏ సిలబస్‌లోనూ దొరకనంత పాఠం అందులో ఉంది.

తెలుగు పిల్లవి కాబట్టి ఇదీ చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 వెర్షన్ ఇచ్చి సరిచేసింది. మన లిపిని మన చేతులతో పరీక్షించేవాళ్లు అలాంటి సంస్థల్లో ఇంకా కావాలి. నువ్వు రాసే ఏ ప్రోగ్రామ్‌నైనా తెలుగు పేర్లతో, ఒత్తులతో, సంయుక్తాక్షరాలతో పరీక్షించడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో.

నాన్నగారికి నా మాటగా చెప్పు: నైట్ షిఫ్టు ఉన్న ఉద్యోగాలూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. చేరేముందే షిఫ్టు ఏమిటి, క్యాబ్ ఇంటి దాకా వస్తుందా, ఆన్‌కాల్ ఎన్ని వారాలకోసారి అని అడిగి రాతపూర్వకంగా తీసుకోవచ్చు. అడిగినందుకు ఉద్యోగం ఇవ్వని కంపెనీలో చేరకపోవడమే మంచిది.

ప్రశ్న: మావారు సిస్టమ్స్‌లో ఉన్నారు. నెలలో సగం రోజులు ఫోను తలదగ్గరే పెట్టుకుని పడుకుంటారు. రాత్రి రెండింటికి మోగుతుంది, లేచి తెల్లారేదాకా లాప్‌టాప్ ముందుంటారు, మళ్లీ తొమ్మిదింటికి ఓఆర్‌ఆర్ ఎక్కి ఆఫీసుకు బయల్దేరతారు. అడిగితే 'ఈ ఉద్యోగం అంతే' అంటారు. నిజంగా అంతేనా సార్?
- ఒక సోదరి, శామీర్‌పేట

జవాబు: అంతే కాదమ్మా. ఈ పనిలో రాత్రి ఫోను మోగడం తప్పదు, కానీ ఒకే మనిషికి నెలలో సగం రాత్రులు మోగుతోందంటే అక్కడ మనుషులు చాలక ఆయన నిద్రను వాడుకుంటున్నారు. గూగుల్ ఇంజినీర్లు 2016లో తెచ్చిన సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్ పుస్తకంలో దీనికి లెక్క రాశారు. ఒక మనిషి పనివేళల్లో పాతిక శాతానికి మించి ఆన్‌కాల్ ఉండకూడదు. ఒకే ఊళ్లో ఉండే టీమ్ అయితే ఆ బాధ్యత పంచుకోవడానికి కనీసం ఎనిమిదిమంది ఉండాలి. 'మావారి కంపెనీ గూగులా?' అంటారేమో. కాదు, కానీ మనిషి నిద్ర అన్నిచోట్లా ఒకటే.

ఆయన్ను ఒక నెలపాటు ప్రతి రాత్రి పిలుపునూ రాసిపెట్టమనండి. ఎన్నింటికి మోగింది, నిజంగా అప్పుడే లేవాల్సిన పనా, పొద్దున చూసుకున్నా సరిపోయేదా. నా అనుభవంలో చాలా మోతలు రెండో రకమే. ఒక డిస్కు ఎనభై శాతం నిండిందని అర్ధరాత్రి మనిషిని లేపక్కర్లేదు. ఆ జాబితా పట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్తే అది ఫిర్యాదు కాదు, ఇంజినీరింగ్ పని. రాత్రంతా మేలుకున్న మర్నాడు ఆలస్యంగా రావడమో, ఇంటినుంచి పనిచేయడమో అడగడం ఆయన హక్కుగా భావించాలి. ముఖ్యంగా అలాంటి పొద్దున ఆయన్ను కారు నడపనివ్వకండి. మేడ్చల్ వైపు వెళ్లే వీలుంటే 2023 ఏప్రిల్ నుంచి అక్కడ ఎంఎంటీఎస్ రైళ్లున్నాయి. వేళలు కుదిరితే అందులో కూర్చుని కునుకైనా తీయొచ్చు. బీపీ, షుగర్ పరీక్షలు మాత్రం ఈ నెలలోనే చేయించండి.

ప్రశ్న: 52 ఏళ్ల నెట్‌వర్క్ ఇంజినీర్‌ను. గచ్చిబౌలికి తిరిగి తిరిగి నడుము పోయింది. ఇంటి దగ్గర మా చదువుకు తగ్గ పని దొరుకుతుందా?
- తూంకుంట

జవాబు: మీకు దగ్గరే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. మందులు, టీకాల కంపెనీల్లో కంప్యూటర్ మనుషులకు పని ఉందని మనవాళ్లకు అంతగా తెలియదు. అమెరికాకు మందులు పంపాలంటే అక్కడి ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధనకు లోబడాలి. ల్యాబ్‌లో ఏ రికార్డు ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కంప్యూటర్ దానంతటదే నమోదు చేయాలి, ఆ నమోదును ఎవరూ చెరపలేకుండా ఉండాలి. దాన్ని నిరూపించే పనిని కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్ అంటారు. ల్యాబ్ యంత్రాలకు తగిలించిన పాత విండోస్ కంప్యూటర్లను ఇష్టమొచ్చినట్టు అప్‌డేట్ చేయలేరు, ఎందుకంటే మళ్లీ వ్యాలిడేషన్ చేయాలి. అలాగని ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లో వదిలేస్తే ప్రమాదం. వాటిని విడగొట్టి కాపాడటం నెట్‌వర్క్ ఇంజినీరు చేతిలోని పనే. గ్యాంప్ 5 మార్గదర్శకం చదవండి, పార్ట్ 11 అసలు పాఠం చదవండి, అది చిన్నదే. జీతం గచ్చిబౌలి కన్నా తగ్గొచ్చు. మీ నడుముకు అది నష్టం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో 'సిస్టమ్స్'లో పనిచేస్తాడు. ఏం చేస్తాడని ఊళ్లో అడిగితే చెప్పలేకపోతున్నా.
- ఒక రైతు, మూడుచింతలపల్లి

జవాబు: అన్నా, 2020 అక్టోబర్ 29న భూముల రికార్డుల ధరణి పోర్టల్‌ను మీ ఊళ్లోనే ప్రారంభించారు. దాని చోట 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. మీరు స్లాట్ బుక్ చేసుకుని వెళ్లిన రోజు 'సర్వర్ డౌన్' అంటే ఆ పూట ఎంతమంది రైతులు వెనక్కి తిరిగారో మీకే బాగా తెలుసు. ఆ మాట రాకుండా చూసేవాళ్లు, వస్తే త్వరగా లేపేవాళ్లు, ఎవరి భూమి రికార్డూ పోకుండా, ఎవరూ దొంగతనంగా మార్చకుండా కాపలా కాసేవాళ్లు సిస్టమ్స్‌వాళ్లు. మీవాడు అలాంటి పనే ఒక కంపెనీలో చేస్తున్నాడని చెప్పండి.

ప్రశ్న: 2000 సంవత్సరంలో తేదీల లెక్కతో వచ్చిన వైటూకే ఇబ్బంది లాంటిది మళ్లీ వస్తుందంటున్నారు, నిజమా?
- కొంపల్లి

జవాబు: నిజమే. యూనిక్స్ వ్యవస్థలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కబెడతాయి. ఆ లెక్కను 32 బిట్లలో దాచిన పాత ప్రోగ్రాముల్లో, మన కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల తర్వాత చోటు చాలదు. 64 బిట్ లినక్స్‌లో ఈ ఇబ్బంది లేదు. భయమంతా ఫ్యాక్టరీల్లో, మీటర్లలో, గేట్లలో, ఆస్పత్రి పరికరాల్లో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని చిన్న యంత్రాల గురించే. పైన మేడ్చల్ నుంచి రాసిన పాఠకుడికి అప్పటికి ఉద్యోగ విరమణ వయసు వచ్చేస్తుంది. అలాంటి యంత్రాలు మీ సంస్థలో ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసినవాళ్లు ఇంకా కొలువులో ఉండగానే జాబితా రాయించండి.