వీణకు తగిన పనస మ్రాను: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

విశాఖపట్టణమనగానే ఓడరేవును, ఉక్కు కర్మాగారమును మనకు తోచును. 1933లో రేవు ప్రారంభమైనది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితము చేయబడినది. కాని ఈ మహానగరమునకు చుట్టునున్న పల్లెసీమలు ఉక్కుకంటె చాల ముందుగనే కొయ్యను నమ్ముకొని పేరు గడించినవి. వరాహనది యొడ్డునగల ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు తయారగుచున్నవి. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో పనస మ్రానుతో వీణలు తయారగుచున్నవి. బొబ్బిలి 1950 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిదే. పిదప శ్రీకాకుళము జిల్లాలోను, 1979 నుండి విజయనగరము జిల్లాలోను చేరినది. బొబ్బిలి వీణకు 2012లోను, ఏటికొప్పాక బొమ్మలకు 2017లోను భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇట్టి గుర్తింపు పేరును కాపాడగలదు, చెట్టును కాపాడలేదు. చెట్టు పెరుగునది పల్లెలో. దానిని నిలుపుటయో, నరికి పొయ్యిలో పెట్టుటయో నిర్ణయమగునది కూడ పల్లెలోనే. కావున వీణకు కొయ్యను ఎన్నుకొనుట వడ్రంగి కొక్కనికే చెందిన విద్య కాదు. గ్రామ పంచాయతీ సభ్యులును దీనిని కొంతవరకు తెలిసికొనుట అవసరము.

కొయ్య పలుకుట ఎట్లు?

తీగె మాత్రమే మ్రోగిన, ఆ ధ్వని పక్కనున్న వానికి కూడ సరిగ వినబడదు. సన్నని తీగె గాలిని ఎంతో కదపజాలదు. తీగె కదలికను దానిని మోయు వంతెన క్రిందనున్న పలకకు అందించును. పలకయు, దాని క్రింది బోలు కుండయు అదరి, గాలిని కదిపి, నాదమును పెద్దది చేయును. కావున పలుకునది తీగె యైనను, వినిపించునది కొయ్య. ఆ కొయ్య తేలికగా నుండవలెను. ఐనను బిగువు కలిగి యుండవలెను. బరువైన కొయ్యను తీగె కదపలేదు. మెత్తని కొయ్య కదలికను తనలోనే మ్రింగివేయును.

పాశ్చాత్య దేశములలో గిటారు చేయువారును ఈ సూత్రమునే పాటింతురు. వారు పై పలకకు స్ప్రూస్ అను శీతలదేశపు చెట్టు కర్రను వాడుదురు. ఇది ఘనమీటరునకు సుమారు 400 కిలోల బరువు మాత్రమే తూగును. పలక మందము సుమారు 3 మిల్లీమీటర్లు. ప్రక్కలకును, వెనుక భాగమునకును మన తూర్పు కనుమలలో కూడ పెరుగు జిట్రేగి వంటి బరువైన కర్రను వాడుదురు. జిట్రేగి ఘనమీటరునకు 800 కిలోలకు పైగా తూగును. అనగా గిటారుకు రెండు విధముల చెట్లు కావలెను. మన పనస ఈ రెంటి నడుమ నుండును. కుండకును, పై పలకకును అదియే చాలును. మృదంగపు కట్టెకు కూడ పనసనే మనవారు ఎన్నుకొనిరి.

ఒక్క మ్రాను, ఒక్క వీణ

గొల్లపల్లిలోని సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా వీణలు చేయుచున్నారు. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరణలో ఈ పని వర్ధిల్లినది. వీరి ప్రత్యేకత ఏకాండి వీణ. కుండయు, దండియు ఒకే మ్రాను నుండి చెక్కబడును. తంజావూరు ప్రాంతమున కుండను, దండిని వేర్వేరుగ చేసి అతుకు పద్ధతియు కలదు. అతుకు లేనిచో కదలిక ఈ కొన నుండి ఆ కొనకు అడ్డు లేక సాగునని ఏకాండి పక్షమువారి వాదము.

ఈ పద్ధతి వలన ఒక చిక్కు కూడ కలదు. వీణ పొడవు సుమారు 4 అడుగులు. కుండ వెడల్పు అడుగునకు మించును. ఇంత భాగము పగులు లేక, ముడి లేక, తొలిచిన రంధ్రము లేక ఒకే తునకలో దొరకవలెను. అట్టి బోదె ఏర్పడుటకు పనసచెట్టునకు కొన్ని దశాబ్దములు పట్టును. అతుకు వీణకు చిన్న తునకలు సరిపోవచ్చును. ఏకాండి వీణకు ముదిరిన చెట్టే కావలెను.

మంచి మ్రానునకు గుర్తులు

మొదటిది చేవ. పనస బోదెను అడ్డముగ కోసిన, బెరడును ఆనుకొని లేతరంగు పొరయు, లోపల పసుపువన్నె చేవయు కనబడును. చేవ కాలము గడచినకొలది ఎరుపు కలిసిన గోధుమవన్నెకు తిరుగును. పురుగును, చెదను ఓర్చుకొనునది చేవయే. పైపొరను పురుగు సులభముగ తొలుచును. కావున బోదె చుట్టుకొలతను మాత్రమే చూచి మోసపోరాదు. చేవ ఎంత కలదో చూడవలెను.

రెండవది పోగు. కర్రలోని చారలు నిడివి పొడవున తిన్నగ సాగవలెను. మెలి తిరిగిన బోదె ఆరునపుడు తానును మెలి తిరుగును. పెద్ద కొమ్మ పుట్టినచోట పోగు చెదరును. కావున కొమ్మలకు క్రిందనున్న నిలువు బోదెయే శ్రేష్ఠము.

మూడవది మ్రోత. ఆరిన కర్రను వ్రేలి కణుపుతో తట్టిన, స్పష్టమైన ధ్వని కొంతసేపు నిలువవలెను. బొంగురు ధ్వని వచ్చినచో లోపల పగులో, పుచ్చో ఉండునని అనుమానింపవలెను. పచ్చికర్రను తట్టి తీర్పు చెప్పరాదు.

నాలుగవది ఆరుదల. కర్ర ఆరునపుడు బోదె చుట్టువెంట ముడుచుకొనునది, నడిమి నుండి బెరడువైపునకు ముడుచుకొనుదానికంటె సుమారు రెట్టింపు. పచ్చిబోదెలు నెరలు విచ్చుటకు కారణమిదియే. నడిమి బెండును విడిచి, బోదెను నిలువున చీల్చి, నీడలో గాలి తగులునట్లు పేర్చినచో నెరలు తగ్గును. అంగుళము మందమునకు ఒక సంవత్సరమనునది కలప ఆరబెట్టువారి స్థూలమైన లెక్క. సముద్రతీరపు తేమగాలిలో సగము ఆరిన కర్రతో చేసిన వాద్యము పొడిగాలి ప్రాంతమునకు చేరినంతనే బీట వారును. తొందర వలన చెడునది కర్ర మాత్రమే కాదు, చేసినవాని పేరును, ఊరి పేరును చెడును.

పరదేశముల అనుభవము

ఉన్న చెట్టును చూచుకొనక వాడుకొన్నచో ఏమగునో గిటారు కథ మనకు తెలుపుచున్నది. పూర్వము ఉత్తమమైన గిటార్లకు బ్రెజిల్ దేశపు జిట్రేగిని వాడెడివారు. అది అరుదైపోగా, అమెరికాలోని ప్రసిద్ధమైన మార్టిన్ సంస్థ 1969లో భారతదేశపు జిట్రేగికి మారినది. 1992లో బ్రెజిల్ జిట్రేగి వ్యాపారమును అంతర్జాతీయ ఒడంబడిక నిషేధించినది. 2017లో జిట్రేగి జాతులన్నిటిని ఆ ఒడంబడిక అదుపులోనికి తెచ్చినది. తయారైన వాద్యములకు 2019లో సడలింపు లభించినది. గిటారు సంస్థ మరియొక ఖండపు చెట్టును వెదకుకొనగలిగినది. గొల్లపల్లి పనివానికి అట్టి అవకాశము లేదు. అతని చేతి నేర్పంతయు పనసతో ముడిపడి యున్నది. చుట్టుపట్ల ముదురు చెట్లు తగ్గినకొలది అతడు మ్రానుకై దూరము పోవలసియుండును. ధర పెరుగును. కొడుకు ఉలిని విడిచి పట్టణము దారి పట్టును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

ఒకటి: గ్రామములోని ముదురు పనస చెట్లను లెక్కింపుడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరచి, ప్రజా జీవవైవిధ్య పట్టికను వ్రాయించవలెను. ఏ చెట్టు ఏ తోటలో నున్నదో, బోదె చుట్టుకొలత ఎంతయో అందు చేర్చుట కష్టము కాదు.

రెండు: తుపానునకు కూలిన చెట్టును వెంటనే కట్టెలుగ కొట్టనీయకుడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్టణమును, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమును తాకినపుడు లెక్కలేని చెట్లు నేలకొరిగినవి. కూలిన పనస బోదెను రెండడుగుల ముక్కలుగ కోసిన, అది వంటచెరకే యగును. అయిదారు అడుగుల పొడవున నిలిపి, రెండు కొసలకు రంగునో మైనమునో పూసి, నీడకు చేర్చిన, అది వీణ కావచ్చును. కొసల నుండి తేమ త్వరగ పోవుట వలననే పగుళ్లు మొదలగును. అడితికి బేరము పెట్టుటకు ముందు వీణ పనివారికి కబురు చేయుట రైతునకు కూడ లాభము.

మూడు: నిలిచియున్న చెట్టును కొట్టవలసి వచ్చినపుడు వాల్టా అని పిలువబడు 2002 నాటి జల, భూ, వృక్ష చట్టమును అనుసరించి అటవీశాఖ అధికారులను ముందుగ సంప్రదింపుడు. చెట్టు యజమానికి నియమములను తెలుపుడు.

నాలుగు: చెరువుగట్ల చెంతను, పాఠశాలల ఆవరణలలోను, నీరు నిలువని మెరకలయందు పనస మొక్కలను నాటింపుడు. పనస వేళ్లు నిలువనీటిని సహింపవు. మొక్క చిన్నదిగ నున్నపుడు ప్రక్కకొమ్మలను తీసివేసిన, నిలువు బోదె ఏర్పడును. చెట్టు బ్రతికినంతకాలము కాయలు కూరకును, తొనలు పిల్లలకును, ఆకులు మేకలకును ఉపయోగపడును. కావున వీణ కొరకు ఎదురు చూచుటలో ఊరికి నష్టమేమియు లేదు.

ఈ సంవత్సరము నాటిన మొక్క వీణకు పనికివచ్చునప్పటికి నేటి సభ్యులలో ఎవరును పదవిలో నుండరు. ఐనను నేడు గొల్లపల్లిలో ఉలి క్రింద నున్న మ్రాను కూడ ఎన్నడో ఒకరు నాటి, నరుకక విడిచినదే. రాబోవు గ్రామసభ కార్యక్రమములో పనస చెట్ల లెక్కను ఒక అంశముగ చేర్చుడు. పని అక్కడనుండి ప్రారంభము కాగలదు.