బరువు తగ్గిన మంట తగ్గును

భుజించిన కొంతసేపటికి రొమ్ములో మంట, గొంతు వరకు పుల్లని నీరు ఎగదన్నుట, పడుకొనగానే త్రేన్పులు: ఈ బాధ మన గ్రామములలో పెక్కుమందికి అనుభవములోనిదే. దీనిని గ్యాస్ అనియు, ఎసిడిటీ అనియు పిలుచుచు, సోడా త్రాగియో, దుకాణములో మాత్ర కొని మ్రింగియో జనులు సరిపుచ్చుకొనుచున్నారు. మంట అప్పటికి చల్లారును, మరల వచ్చును. ఈ బాధకును శరీరపు బరువునకును గల సంబంధమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

మంట ఎట్లు పుట్టును?

ఆహారమును జీర్ణకోశమునకు చేర్చు గొట్టమునకు అన్నవాహిక యని పేరు. ఆ రెండును కలియు చోట కండరముతో నేర్పడిన వలయ మొకటి గలదు. ఆహారము దిగునపుడు అది తెరచుకొని, పిమ్మట బిగిసికొనును. కాలువకు తూము తలుపు ఎట్టిదో, జీర్ణకోశమునకు ఈ వలయ మట్టిది. జీర్ణకోశములో ఊరు ఆమ్లము మిక్కిలి తీవ్రమైనది. దానిని తట్టుకొను పొర జీర్ణకోశమునకు గలదు గాని అన్నవాహికకు లేదు. కావున వలయము సడలి ఆమ్లము పైకి వచ్చినచో మంట పుట్టును.

బరువుతో నేమి సంబంధము?

పొట్టలో క్రొవ్వు పేరుకొన్నకొలది జీర్ణకోశముపై ఒత్తిడి హెచ్చును. నిండిన తోలుతిత్తిని నొక్కిన నీరు మూతివైపునకు తన్నుకొని వచ్చినట్లు, ఆమ్లము పైకి నెట్టబడును. ఈ ఒత్తిడి చిరకాలముండిన వలయము వదులగును. సన్ననివారికి ఈ బాధ రాదని కాదు. బరువు పెరిగినకొలది వచ్చు అవకాశము పెరుగునని గ్రహింపవలెను.

బరువు తగినదా కాదా యని తెలిసికొను లెక్క సులభము. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుమార్లు భాగింపవలెను. 72 కిలోల బరువు, 1.60 మీటర్ల ఎత్తు గలవారికి ఈ సూచిక 28 వచ్చును. మన దేశీయులకు 23 దాటిన అధిక బరువు, 25 దాటిన స్థూలకాయము. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

అమెరికా దేశమున పదివేలకు పైగా నర్సులను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితములు గమనింపదగినవి. సూచిక 3.5కు మించి పెరిగిన స్త్రీలలో, బరువు మారనివారి కంటె, తరచుగా మంట కలుగుట 2.8 రెట్లుగా నుండెను. మొదట తగిన బరువు గలవారిలోను ఇట్లే జరిగెను. సూచిక అంత తగ్గించుకొన్నవారిలో ఈ బాధ నూటికి 40 వంతుల వరకు తగ్గెను. 1.60 మీటర్ల ఎత్తు గల స్త్రీకి ఇది సుమారు 9 కిలోల బరువు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము సూచిక 25 గాని అంతకు మించి గాని గలవారు ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో 31 మంది. తెలంగాణలో స్త్రీలు 30, పురుషులు 32. నాగలి స్థానమున ట్రాక్టరు, నడక స్థానమున మోటారు సైకిలు వచ్చినవి. కాని పళ్లెములో అన్నపు రాశి తగ్గలేదు.

ఏమి చేయవలెను?

అన్నము తగ్గించి, కూరలు, పప్పు, ఆకుకూరలు హెచ్చించవలెను. నూనెలో వేగిన బజ్జీలు, తీపి పానీయములు మితము కావలెను. రాత్రి భోజనము పడుకొనుటకు రెండు మూడు గంటల ముందే ముగింపవలెను. మంచపు తలవైపు కోళ్ల క్రింద ఇటుకలు పెట్టి ఆరంగుళములు ఎత్తు చేసిన మేలు. చుట్ట, బీడీ, మద్యము వలయమును సడలించును, వానిని మానవలెను. దినమునకు అరగంట చురుకుగా నడువవలెను. బరువును మెల్లమెల్లగా తగ్గించుట క్షేమము.

ముఖ్యమైన హెచ్చరిక

రొమ్ము నొక్కినట్లుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో ప్రాకి, చెమటలు పట్టినచో అది గ్యాస్ అని సోడా త్రాగి కూర్చుండరాదు. అది గుండెపోటు కావచ్చును. వెంటనే 108కి ఫోను చేయవలెను. మ్రింగుట కష్టమైనను, రక్తము కక్కినను, మలము నల్లబడినను, కారణము లేక చిక్కిపోయినను వైద్యుని చూడవలెను. ఏండ్ల తరబడి ఆమ్లము సోకిన అన్నవాహిక ఇరుకగును. కొలదిమందిలో క్యాన్సరుకు దారితీయును.

పంచాయతీ కర్తవ్యము

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యమును చేర్చినది. దానికి పెద్ద నిధులు కావలెనని యెంచరాదు. ఉపకేంద్రములో బరువు తూచు యంత్రము, కొలత టేపు సరిగా నున్నవో లేదో చూచుడు. గ్రామసభ నాడు పెద్దలందరి బరువును, నడుమును కొలిపించి వ్రాయింపుడు. చెరువుకట్టపైనో బడి ఆవరణలోనో స్త్రీలును నిర్భయముగా నడువగల బాట నొకటి చదును చేయించి దీపములు పెట్టింపుడు. సభ్యులే ముందుగా తూనికపై నిలిచిన, ఊరు వెంట నడచును.