రాత్రి సైకిల్‌కు ఎలాంటి లైటు?

ప్రశ్న: బేగంబజార్‌లో కిరాణా హోల్‌సేల్ దుకాణంలో పనిచేస్తాను. రాత్రి పదింటికి ముసల్లం జంగ్ వంతెన మీదుగా సైకిల్ మీద ఇంటికి వెళ్తాను. ఎంత పవరున్న లైటు కొనాలి?

జవాబు: మీ దారిలో వీధిదీపాలు ఉంటాయి కాబట్టి 200 నుంచి 400 ల్యూమెన్లు చాలు. డబ్బా మీద వేలల్లో వేసిన అంకెల్ని నమ్మకండి. వెలుగు ఎటు పడుతుందో చూసుకోండి. టార్చిలా గుండ్రంగా చిమ్మే లైటు ఎదురొచ్చే ఆటో డ్రైవరు కళ్ళు జిగేల్మనిపిస్తుంది, అది మీకే ప్రమాదం. జర్మనీలో సైకిల్ లైటు ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకూడదని నిబంధనే ఉంది. పైఅంచు కోసినట్టుగా, రోడ్డు మీదే వెలుగు పరిచే రకం అడగండి.

హ్యాండిల్‌కు బిగించాక గోడకు ఐదు మీటర్ల దూరంలో సైకిల్ నిలపండి. గోడ మీద వెలుగు నడిబొడ్డు లైటు ఎత్తుకన్నా కాస్త కిందికి ఉండాలి. గతుకుల్లో బ్రాకెట్ జారిపోతుంటుంది, కింద రబ్బరు ముక్క పెట్టి బిగించండి. వానాకాలానికి ఐపీఎక్స్4 గుర్తు ఉన్నది తీసుకోండి. రోజూ దుకాణంలోనే ఫోనుతోపాటు ఛార్జింగ్ పెట్టేయండి.

మీరు అడగలేదు గానీ, వెనక ఎర్రలైటు లేకుండా మాత్రం ఆ వంతెన ఎక్కకండి.