గట్లపై తుమ్మి మొక్కను పెంచుట : తేనెటీఁగలకు మేఁత, పాదులకు కాపు

పట్టాదారులగు రైతులకుఁ దెలియఁజేయునది.

గుమ్మడి, దోస, పుచ్చ మొదలగు పాదులు విరివిగఁ బూచియు, పిందెలు పండుబాఱి రాలిపోవుట పెక్కుచోట్లఁ గానవచ్చుచున్నది. ఎరువు చాలమియు, నీటి యెద్దడియు నిందుకుఁ గారణములు కావచ్చును. కాని తేనెటీఁగలు రాకపోవుటయు నొక ముఖ్యకారణము. వానిని పొలమున నిలుపుటకు అల్పవ్యయముతోఁ గూడిన యుపాయ మొకటి క్రింద వివరింపఁబడుచున్నది.

1. ఈఁగల యవసరము.— గుమ్మడిపాదున మగపూవులు వేఱు, ఆఁడుపూవులు వేఱు. రేకుల క్రింద చిన్న పిందె గలది ఆఁడుపూవు. మగపూవు పుప్పొడి జిగటగాను బరువుగాను ఉండుటచే గాలికి లేచిపోదు. ఈఁగయే దానిని మోసికొని పోవలయును. పూవు తెల్లవాఱుజామున విచ్చి మధ్యాహ్నమునకు ముందే ముడుచుకొనును. ఆ కొలఁది గడియలలో ఈఁగ రాకున్నచో పిందె దక్కదు. సందేహము గలవారు మఱునాఁడు విచ్చఁబోవు ఆఁడుమొగ్గకు సాయంకాలమున పలుచని గుడ్డ కట్టి, పూవు ముడిచిన పిమ్మట విప్పి చూడవచ్చును. కొన్ని దినములలోనే ఆ పిందె రాలును. పూవులకును పురుగులకును గల యీ సంబంధమును స్ప్రెంగెల్ అను జర్మను పండితుఁడు 1793వ సంవత్సరమునఁ బ్రకటించిన గ్రంథమున సవిస్తరముగఁ జూపెను.

2. తుమ్మి యేల?— పాదుల పూఁత కొలఁది వారములే యుండును. తక్కిన కాలమున మేఁత లేకున్నచో ఈఁగలు వేఱుచోటికిఁ బోవును. తుమ్మి మన దేశపు మొక్కయే. వినాయకచవితినాఁడు తెలంగాణమునఁ గూర వండుకొనునదియు, శివపూజకుఁ దెల్లని పూవుల నిచ్చునదియు నిదియే. తొలకరికి మొలచి, జానెడు మొదలు మూరెడు వఱకుఁ బెరిగి, వానకాలమునను చలికాలపు టారంభమునను పూచును. ఈఁగ క్రింది పెదవిపై వ్రాలి తేనెకై తల దూర్చఁగా, పై పెదవి చాటున నున్న పుప్పొడి దాని తలకును వీపునకును అంటుకొనును.

3. స్థలము.— చెఱువు క్రింది తరి పొలపు గట్టు, కాలువ యొడ్డు, బావి చెంతనున్న పచ్చికబీడు తగిన తావులు. తేమయు ఎండయు నుండవలయును, నీరు నిలువరాదు. 3 అడుగుల వెడల్పున 363 అడుగుల పొడవు గట్టును విడిచినచో 1 గుంట, అనఁగా ఎకరమున 40వ భాగము మాత్రమే యగును. పాదులకు సమీపముననే యుండుట మేలు.

4. విత్తుట.— కార్తీక మార్గశిర మాసములలో ఎండిన గుత్తులను గుడ్డపై తలక్రిందుగా వంచి దులుపవలెను. ఒక్కొక్క పూవునకు 4 గింజలకు మించవు. వానిని నీడన నారఁబెట్టి గుడ్డసంచిలో దాఁచి, మృగశిర కార్తెలో మంచి వాన కురిసిన పిమ్మట ఇసుకతోఁ గలిపి చల్లి, కాలితో నొత్తవలెను. లోతుగఁ బూడ్చరాదు. మొదటి యేఁడు గింజ రాలువఱకు గట్టును కోయకుండినచో మఱుసటి యేఁడు దానంతట నదియే మొలచును.

5. జాగ్రత్తలు.— పైరు నడుమ మొలచిన తుమ్మి కలుపే, దానిని పెఱికివేయుఁడు. గట్టుపై మాత్రము గడ్డిమందు కొట్టరాదు. పురుగుమందు తప్పనిసరియైనచో ఈఁగలు గూటికిఁ జేరిన పిమ్మట సాయంకాలమునఁ జల్లుఁడు. గట్టుమీఁదికి జల్లు పోకుండునట్లు గాలివాటమును జూచుకొనుఁడు. తేనెపట్టు పెట్టక నేలలో బొఱియలు చేసికొని యొంటరిగ నివసించు ఈఁగలును పెక్కు గలవు. వానికై ఎండ తగులు గట్టున కొంత నేలను త్రవ్వక విడువుఁడు.

ఈఁగ సర్వేనెంబరు నెఱుఁగదు. ఒకరు గట్టున మేఁత పెంచఁగాఁ బొరుగువారు పూఁతవేళ ఉదయమున మందు చల్లినచో ఇరువురకును నష్టమే. కావున ఒక కాలువ క్రింది రైతులందఱును ముందుగఁ గూడి మాటాడుకొని, గట్లను విడుచుటయందును మందు చల్లు వేళయందును ఒక కట్టుబాటు చేసికొనుట యుక్తము.